హంపి శిథిలములును యాత్రికులును

గత సంవత్సరము శీతకాలమున మా పాఠశాల పై తరగతుల విద్యార్థులు హంపి చూడబోయిరి. వారిని వెంటబెట్టుకొని పోయిన యుపాధ్యాయులలో నేనొకడను. గుంతకల్లు మీదుగా పోయి హోసపేటలో రైలు దిగి, అచ్చటినుండి బస్సులో సుమారు 13 కిలోమీటరులు ప్రయాణముచేసి తుంగభద్రాతీరము చేరితిమి. రెండవనాటి యుదయమున విఠ్ఠలస్వామి యాలయప్రాంగణములో నొక చిన్న సంగతి జరిగినది. ఆ సంగతియే యీ వ్యాసమునకు మూలము.

ఆ యాలయపు మహామండపమున, సన్నని చిన్నకంబముల గుత్తులవలె చెక్కబడిన గొప్ప స్తంభములు కలవు. చూచుటకు వేర్వేఱు కంబములుగా తోచినను, ఒక్కొక్క గుత్తియు నొకే రాతినుండి తొలిచినది. చిన్నకంబమును మెల్లగా తట్టినచో అది కంపించి లోహపు గంటవలె మ్రోగును. పొడవును లావును మాఱినకొలది నాదమును మాఱును. కావున వీనికి సంగీతస్తంభములని పేరు వచ్చినది. ఇప్పుడు యాత్రికులు మండపమెక్కుట నిషేధము. మా పిల్లలు క్రిందనే నిలిచి చూచుచుండగా, ఒక విద్యార్థి చటుక్కున అడ్డు దాటి చేయి చాచెను. కావలివాడు వెంటనే యీల వేసి, "ముట్టవద్దు బాబూ, ముట్టవద్దు" అని వారించెను. బాలుడు సిగ్గుపడి వెనుకకు వచ్చెను.

అయినను వాని మనస్సు ఊరకుండలేదు. తిరిగి నడచి వచ్చునపుడు నా ప్రక్కకు వచ్చి, "మాస్టరుగారూ! నేను ఒక్క వ్రేలితో తట్టినంతమాత్రమున ఆ రాయి అఱుగునా? ఇన్ని వందల యేండ్లు ఎండకు వానకు నిలిచినది నా వ్రేలికి చెడునా?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు నేను తత్‌క్షణమే ప్రత్యుత్తర మీయలేకపోతిని. ప్రశ్న కఠినమైనదని కాదు. సుమారు ముప్పదియైదు సంవత్సరములకు పూర్వము నేను విద్యార్థిగా ఆ మండపము చూడబోయినపుడు అడ్డును లేదు, ఈలయును లేదు. మాకు త్రోవ చూపినవాడు ఒక కంబమును వ్రేళ్లతో తట్టి మ్రోగించెను. వాని వెనుక మేమందఱమును వరుసగా తట్టితిమి. నేను ఒకమాఱు కాదు, పలుమాఱులు తట్టితిని. ఆ నాదము నేటికిని నా చెవులలో నున్నది. నేను వినిన దానిని నా విద్యార్థులు వినలేకపోయిరి. విననీయకుండ చేసినవారిలో నేనును ఒకడను. ఆ బాలునికి ఆనాడు ఈయలేని సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట హంపి యననేమో కొంచెము తెలిసికొనవలెను. క్రీ. శ. 1336 ప్రాంతమున హరిహరరాయలును బుక్కరాయలును స్థాపించిన విజయనగర సామ్రాజ్యమునకు ఇది రాజధాని. ఒకప్రక్క తుంగభద్ర, మూడుప్రక్కల గుండ్లగుట్టలు, ఏడు కోటలు గల మహానగరమని ఆనాటి యాత్రికులు కొనియాడిరి. 1443వ సంవత్సరమున పారసీక దేశపు రాయబారి అబ్దుర్ రజాక్ దీనిని చూచెను. శ్రీకృష్ణదేవరాయల కాలమున పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయస్ చూచి, పరిమాణమున ఇది రోము నగరమునకు సమానమని తలచెను. మన తెలుగువారికి ఇది పరదేశము కాదు. ఆముక్తమాల్యదను రచించిన రాయలు ఏలినదిచ్చటనే. అల్లసాని పెద్దనామాత్యుడు సన్మానము లందినదిచ్చటనే.

1565వ సంవత్సరమున తళ్ళికోట యుద్ధమున విజయనగరసైన్య మోడిపోయెను. పిదప కొన్ని మాసములు నగరము కొల్లగొట్టబడి తగులబెట్టబడెను. రాజకుటుంబము పెనుగొండకు తరలిపోయెను. జనులు విడిచిన నగరమును చెట్లును ముండ్లపొదలును ఆక్రమించినవి. రెండువందల యేండ్లకు పైగా పసులకాపరులును, సమీపగ్రామముల రైతులును, విరూపాక్షస్వామిని కొలువవచ్చు భక్తులును తప్ప అచ్చటికి తఱచుగా పోయినవారు లేరు. 1799లో కాలిన్ మెకంజీ యను అధికారి ఆ ప్రదేశమును కొలిచి పటము వ్రాయించెను. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా యను మఱియొకడు ఆ కట్టడములకు ఛాయాపటములు తీసెను. మన దేశపు ప్రాచీనకట్టడములను గూర్చిన తొలి ఛాయాపటములలో అవి చేరినవి.

ఆ పటములలో నొకదానిని గూర్చి చెప్పవలెను. విఠ్ఠలాలయప్రాంగణములోని రాతిరథమును ఎఱుగనివారుండరు. మీ చేతిలోని క్రొత్త 50 రూపాయల నోటు వెనుకప్రక్క నున్న బొమ్మ అదియే. నిజమునకు అది రథము కాదు. రథాకారమున కట్టిన గరుత్మంతుని గుడి. గ్రీన్‌లా తీసిన పటములో ఆ రాతిరథముపై ఇటుకలతో కట్టిన శిఖరమున్నది. నేడు పోయి చూచినచో ఆ శిఖరము లేదు. ఆ పటమే లేకున్న, శిఖరముండెనని మనలో ననేకులు నమ్మియుండరు. శిథిలములు పడిపోయి ఇక మాఱనివని మనము తలచుట పొరపాటు. శిథిలమును ప్రతిదినమును మాఱుచునే యుండును. దాని మార్పును ఆలస్యము చేయుటయే సంరక్షణము.

1986లో యునెస్కో సంస్థ హంపిని ప్రపంచ వారసత్వ స్థలముగా నంగీకరించెను. ఆ పరిధి 4,187 హెక్టారులు, అనగా సుమారు 42 చదరపు కిలోమీటరులు. అందు 1,600కు మించిన కట్టడముల యవశేషములు కలవు. ఇంత విశాలమైన స్థలమునకు గోడ కట్టి తాళము వేయుటకు వీలులేదు. లోపల ఊళ్లున్నవి, అరటితోటలున్నవి, వరిపొలములున్నవి, నేటికిని నిత్యపూజలు జరుగు విరూపాక్షాలయమున్నది. కావున హంపిరక్షణ కేవలము కావలివారి పని కాజాలదు.

ఇక రాతి సంగతి. హంపి గుండ్లు గ్రానైట్ జాతి రాళ్లు. ఇది మిక్కిలి గట్టి రాయి. కాని గట్టిదనముచేతనే దీనికొక లోపము కలదు. గ్రానైట్ ఒకే పదార్థము కాదు. పలువిధములైన ఖనిజముల స్ఫటికములు కూడి యేర్పడినది. నిప్పు సోకినపుడు ఒక్కొక్క ఖనిజము ఒక్కొక్క విధముగా వ్యాకోచించును. అందుచే స్ఫటికముల నడుమ సన్నని చీలికలు పుట్టును. పైకి గట్టిగా కనబడు రాయి లోపల విడిపోయి యుండును. 1565లో నగరమును కొల్లగొట్టినవారు విఠ్ఠలాలయపు మండపములలో పెద్ద మంటలు పెట్టిరని చరిత్రకారులు వ్రాసిరి. ఆ చీలికలలో వాననీరు చేరును. నీటితో మన్ను చేరును. మన్నులో రావివిత్తనము పడి మొలచును. వేరు లావెక్కి రాతిని పెకలించును. కావున మనము చూచు స్తంభము ఆరోగ్యవంతుడైన యువకుడు కాదు. ఎముకలు విఱిగి అతుకుకొన్న ముసలివాడు. యువకుని వీపుపై ఆటగా చఱచినట్లు ముసలివానిని చఱవము గదా!

ఈ స్థితిలోనున్న రాతివద్దకు యాత్రికుడు వచ్చును. వాడు చెడ్డవాడు కాడు. దూరదేశమునుండి ధనము వెచ్చించి, శ్రమపడి, ప్రేమతోనే వచ్చును. అయినను వాని పాదములకు ఇసుక అంటియుండును. చెప్పుకును రాతికిని నడుమ పడిన ఇసుకరేణువు ఆకురాయివలె పనిచేయును. మెట్టు నడుమ గుంటపడుట మీరు మీ యూరి గుడులలోను కోటలలోను చూచియే యుందురు. వాని చేతికి చెమటయు నూనెజిడ్డును ఉండును. ముట్టిన చోట ఆ జిడ్డు నిలిచి దుమ్మును పట్టుకొనును. శిల్పపు ముక్కు, వ్రేళ్లు, నగల యంచులు మొదట నల్లబడి, పిదప నునుపై, చివరకు గుఱుతుపట్టరాకుండ పోవును. పిల్లలు ఏనుగుపై నెక్కి కూర్చున్నచో ఏనుగు చెవి యొకనాడు విఱుగును. ఎవరి బరువున విఱిగినదో ఎవ్వరును చెప్పలేరు.

నా విద్యార్థి ప్రశ్నకు సమాధాన మిక్కడనే యున్నది. వాని వ్రేలికి ఆ రాయి అఱుగదు. వానికి ముందు వచ్చినవాని వ్రేలికిని అఱుగదు. కాని యొక లెక్క వేయుడు. దినమునకు వేయిమంది వచ్చిరనుకొందము. ఇది లెక్కకొఱకు తీసికొనిన సంఖ్య మాత్రమే. ఒక్కొక్కడు మూడుమాఱులు తట్టినచో దినమునకు 3,000 దెబ్బలు, సంవత్సరమునకు 10,95,000 దెబ్బలు. ముప్పదియైదు సంవత్సరములకు మూడుకోట్ల ఎనుబదిమూడు లక్షలు దాటును. ప్రతివాడును "నాది మూడు దెబ్బలే గదా" యని నిశ్చింతగా ఇంటికి పోవును. మూడుకోట్ల దెబ్బలకు బాధ్యుడెవ్వడును దొరకడు. రాయికి మాత్రము అన్ని దెబ్బలును తగిలియుండును. ఆ మూడుకోట్లలో నావియును కలవు. నేడు మీరు తట్టకుండుట, మీ యొక్కరి దెబ్బ పెద్దదని కాదు. ఆ లెక్కలో మీ అంకె చేరకుండుటకు.

గట్టిరాతి గతియే యిట్లుండగా ఇటుక, గచ్చు, చిత్తరువుల సంగతి చెప్పనక్కఱలేదు. హంపిలోని కమలమహలు మీద నున్న సున్నపు నగిషీ పనియు, విరూపాక్షాలయపు రంగమండపము పైకప్పున నున్న వర్ణచిత్రములును గోరు తగిలినచో చెడునట్టివి. అట్టివానిపై మేకుతో పేర్లు చెక్కువారు కలరు. ఈ దురాచారము నేటిది కాదు. 1819వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన అజంతాగుహలను చూచిన జాన్ స్మిత్ అను ఆంగ్లేయ సైనికోద్యోగి, పదవ గుహలో నొక ప్రాచీన చిత్రముపైననే తన పేరును తేదీని చెక్కెను. పెద్దపులి వేటకై వచ్చి దైవికముగా ఆ గుహలను కనుగొన్నవాడని వానికి కీర్తి వచ్చినది. ఆ గీతవలన అపకీర్తియు నిలిచినది. రెండువందల సంవత్సరములైనను ఆ గీత మానలేదు. పేరు నిలుపుకొనవలెనని చెక్కినవాని పేరు నిలిచినది నిజమే. కాని యెట్లు నిలిచినదో చూడుడు.

కొన్ని తావులలో ముట్టకున్నను హాని కలుగును. ఫ్రాన్సు దేశమున లాస్కో యను గుహ కలదు. 1940లో నలుగురు బాలురు దానిని కనుగొనిరి. అందు వేలకొలది యేండ్లనాటి ఆదిమమానవులు వ్రాసిన ఎద్దులు, గుఱ్ఱములు, దుప్పులు చెక్కుచెదరక యున్నవి. 1948లో గుహను ప్రజలకు తెఱచిరి. జనులు తండోపతండములుగా వచ్చిరి. వారెవ్వరును బొమ్మలను గీకలేదు; ఊపిరి మాత్రము పీల్చి విడిచిరి. ఆ యూపిరిలోని తేమయు, బొగ్గుపులుసు గాలియు, దీపముల వేడిమియు చేరి గోడలపై పచ్చని పాచి పుట్టెను. పదునైదేండ్లు తిరుగకుండ, 1963లో గుహను మూసివేసిరి. 1983లో దాని ప్రక్క ఒక నకలు గుహను కట్టి, యాత్రికులకు దానినే చూపుచు వచ్చిరి. వేలకొలది యేండ్లు చీకటిలో క్షేమముగా నున్నది పదునైదేండ్ల ప్రేమకు తాళలేకపోయినది.

తెలియక చేయు హాని యట్లుండగా, తెలిసి చేయునదియు కలదు. 2019వ సంవత్సరము ఫిబ్రవరిలో కొందఱు యువకులు హంపిలో గజశాల వెనుకనున్న యొక విష్ణ్వాలయమున నిలిచియున్న రాతిస్తంభమును తోసి పడవేసిన దృశ్యము ఫోనులలో దేశమంతట వ్యాపించెను. వినోదముకొఱకు తోసిరి. న్యాయస్థానము వారిలో ఒక్కొక్కరికి 70,000 రూపాయల జుల్మానా విధించి, పడవేసిన స్తంభములను వారిచేతనే మరల నిలబెట్టించెను. నాకీ శిక్షలోని రెండవ భాగము మిక్కిలి నచ్చినది. తోయుటకు నిమిషము చాలును. నిలువబెట్టుటకు ఎందఱు మనుష్యులు, ఎన్ని త్రాళ్లు, ఎంత జాగ్రత్త కావలెనో ఆ యువకులు తమ భుజములతో నేర్చుకొనిరి. ప్రాచీనకట్టడమును చెఱచినవారికి రెండేండ్లవఱకు చెఱసాలయైనను, లక్ష రూపాయలవఱకు జుల్మానాయైనను, రెండునునైనను విధింపవచ్చునని మన దేశపు చట్టము చెప్పుచున్నది.

యాత్రికుడు తన చేతులతో చేయు హానికన్న, వానికొఱకు ఇతరులు చేయు హాని యొక్కొక్కప్పుడు పెద్దది. యాత్రికుడు వచ్చుటకు బాట కావలెను, వంతెన కావలెను, బస కావలెను, భోజనము కావలెను. తుంగభద్రపై పూర్వము పుట్టిలో కూర్చుండి ఆనెగొందికి దాటుచుండిరి. పిదప అచ్చట వంతెనలు కట్టనారంభింపగా, ప్రాచీన నగరపు రూపము చెడునను భయముచే యునెస్కో 1999లో హంపిని ప్రమాదములో నున్న వారసత్వముల పట్టికలో చేర్చెను. 2006లో గాని ఆ పేరు తొలగలేదు. ఆనెగొందివద్ద సగము కట్టిన వంతెన 2009లో కూలి కొందఱు పనివారు మృతినొందిరి. నది కావలియొడ్డున విరూపాపురగడ్డలో వెలసిన విశ్రాంతిగృహములు అక్రమములని సర్వోన్నత న్యాయస్థానము 2020లో తీర్పు చెప్పగా వానిని పడగొట్టిరి.

ఇచ్చట మఱియొక మాటయు చెప్పకున్న నేను పక్షపాతము చేసినవాడనగుదును. విరూపాక్షాలయము నెదుట బజారువీధికి ఇరువైపులను ప్రాచీన మండపములు కలవు. వానిలో గోడలు పెట్టుకొని వందలకొలది కుటుంబములు కాపురముండి, అంగళ్లు నడుపుకొని, యాత్రికులకు టీయు ఫలహారములును అమ్ముకొని బ్రదుకుచుండెను. 2011లో అధికారులు ఆ ఇండ్లను అంగళ్లను తొలగించిరి. మండపములు బయటపడినవి. పిల్లలు పుట్టి పెరిగిన యిండ్లును పోయినవి. యాత్రికులు వచ్చుటచే ఆ యంగళ్లు పెరిగినవి; యాత్రికులు చూచుటకై ఆ యంగళ్లు పోయినవి. రాళ్లను కాపాడువారు ఆ రాళ్లనడుమ బ్రదుకు మనుష్యులను మఱవరాదు. ఒకచోటివారిని లేవదీయునపుడు వారికి వేఱొకచోట నీడయు జీవనమును ముందుగా చూపవలెను. స్థానికులు విరోధులైనచో ఏ కావలియు చాలదు. వారు మిత్రులైనచో కావలియే అక్కఱలేదు.

ఇంతవఱకు చదివినవారు, "అటులైన హంపికి ఎవ్వరును పోకుండుటయే మేలుకదా!" అని యనవచ్చును. దానికి ప్రత్యుత్తరము మన కృష్ణాతీరముననే యున్నది.

అమరావతి మహాచైత్యమును గూర్చి మీరు పాఠములలో చదివితిరి. రెండువేల యేండ్లనాటి ఆ బౌద్ధస్తూపమును చూచుటకు ఒకానొకకాలమున యాత్రికులు దేశదేశములనుండి వచ్చిరి. పిదప వచ్చువారు లేరైరి. అది యేమో తెలిసినవారును లేరైరి. పదునెనిమిదవ శతాబ్దాంతమున అది యొక మట్టిదిబ్బ. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట పట్టణము కట్టించుచుండగా, దిబ్బనుండి శిల్పములు గల రాతిపలకలు బయల్పడెను. అవి చక్కని సున్నపురాయి పలకలు. కొన్ని కట్టడములకు రాళ్లుగా పోయినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలి సున్నమైనవి. ఆ వార్త విని మెకంజీ వచ్చి చూచి, కొన్నియేండ్లకు తిరిగివచ్చి చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. ఆనాడు వ్రాయించిన పలకలలో కొన్నిటికి నేడు ఆ బొమ్మలే మిగిలినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి తీసినవి మదరాసు చేరి, 1859లో లండనునకు పోయినవి. ఇప్పుడు అమరావతి శిల్పములు చూడగోరువాడు చెన్నపట్టణపు మ్యూజియమునకును, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకును పోవలసియున్నది.

అమరావతిని పాడుచేసినది యాత్రికుల గుంపు కాదు. దాని విలువ ఎఱిగిన కన్నులు లేకపోవుట. చూచువారు లేక నశించినది అమరావతి. చూచువారు మిక్కుటమై నలుగుచున్నది హంపి. రెండింటికిని మూలకారణ మొక్కటియే: చూచుట తెలియకపోవుట. కావున ద్వారములు మూయుట మందు కాదు. చూడనేర్చిన యాత్రికుడే మందు. అట్టివాడు వచ్చినచో వాని టిక్కెట్టు రుసుము మరమ్మతులకు తోడ్పడును. త్రోవ చూపువానికి అన్నము పెట్టును. అన్నిటికన్న ముఖ్యముగా, ఆ కట్టడమునకు లోకములో నొక స్నేహితుడు పెరుగును.

హంపిలో నిప్పుడు జరుగుచున్న కొన్ని మంచి పనులను మా విద్యార్థులు స్వయముగా చూచిరి. బస్సులను కార్లను విఠ్ఠలాలయమునకు సుమారు ఒక కిలోమీటరు దూరముననే ఆపివేయుచున్నారు. అచ్చటినుండి పొగయు మ్రోతయు లేని బ్యాటరీ బండ్లు నడచుచున్నవి. వానిని నడుపువారిలో సమీపగ్రామముల స్త్రీలు కలరు. ఇట్లు రాతికి కలుగు అదురు తగ్గినది, ఊరివారికి జీవనమును దొరకినది. రాతిరథమును ఎక్కుటకు వీలులేకుండ చుట్టును అడ్డు పెట్టిరి. సంరక్షిత కట్టడము చుట్టు నూఱు మీటరులలోపల క్రొత్త యిల్లు కట్టరాదను చట్టమున్నది. ఆపై రెండువందల మీటరులలో అనుమతి లేనిదే కట్టరాదు. ఈ పనులన్నియు మంచివే. కాని 2024వ సంవత్సరము మే మాసమున పెద్దవాన కురిసి విరూపాక్షాలయము ముందటి మండపములో కొంతభాగము కూలెను. వానను ఆపుటకు ఏ అడ్డును చాలదు. వానకు తోడు మనమును చేరకుండుట మాత్రము మన చేతిలో నున్నది.

ఇక విద్యార్థులు చేయదగిన పనులు. మొదటిది, పోవుటకు ముందు చదువుడు. ఏమియు తెలియక పోయినవానికి రాళ్లన్నియు ఒకటే. విసుగు పుట్టి చేతులు ఊరకుండవు. తెలిసి పోయినవాడు కన్నులతోనే పని చేయును. రెండవది, కంటితో చూచి చేతిని వెనుకకు కట్టుకొనుడు. మా విద్యార్థులకు నేను చెప్పిన మాట యిదియే. వారు నవ్విరి గాని యట్లే నడచిరి. మూడవది, గోడయెక్కి ఫోటో తీయించుకొనకుడు. క్రింద నిలిచి తీసినను మీ ముఖము అంతే యుండును. నాల్గవది, మీరు తీసికొనిపోయిన నీటిసీసాను, పొట్లపు కాగితమును తిరిగి మీ సంచిలోనే తెండు. ఐదవది, ఎంత చిన్న రాతిముక్కనైనను జ్ఞాపకార్థమని యింటికి తేకుడు. అచ్చట అది చరిత్ర. మీ బల్లపై అది రాయి. ఆఱవది, తోడివాడు తప్పు చేయుచున్నపుడు మెల్లగా వారింపుడు. కావలివాని యీలకన్న స్నేహితుని మాట మర్యాదయైనది.

తలిదండ్రులకు నొక మనవి. పిల్లవాడు శిల్పముపై కూర్చుండగా ఛాయాపటము తీసి మురియకుడు. ఆ పటము మీ యింటిగోడపై నుండును. దాని ఫలము శిల్పముపై నుండును. పిల్లలు మా మాటలకన్న మీ చేతలనే త్వరగా నేర్చుకొందురు.

వ్యాసము ముగింపుటకు ముందు నా విద్యార్థి సంగతి మిగిలియున్నది. తిరుగుప్రయాణమున రైలులో వానికి నా సంగతి యంతయు చెప్పితిని. నేనును తట్టితినని విని వాడు మొదట ఆశ్చర్యపడెను, పిదప, "ఆ నాదము ఎట్లుండెను, మాస్టరుగారూ?" అని యడిగెను. నేను వర్ణింప యత్నించితిని. నా వలన కాలేదు. వాడు చాలసేపు కిటికీలోనుండి బయటికి చూచుచు కూర్చుండెను.

సెలవుల తరువాత ఒకనాడు వాడు నా గదికి వచ్చి, తమ గ్రామపు చెఱువుగట్టున చాకిరేవులో నొక పెద్ద బండ కలదనియు, దాని ప్రక్కభాగమున ఏవో పాత అక్షరములున్నవనియు, బట్టలుతుకుటచే కొన్ని చెఱిగినవనియు చెప్పెను. చిన్ననాటినుండి ఆ బండపై ఆడుకొనియు, ఇంతవఱకు ఆ అక్షరములను చూడలేదట. నేను వానితో, దానిని సుద్దతో దిద్దవద్దనియు, నూనె పూయవద్దనియు, పెకలింపవద్దనియు చెప్పి, ఏటవాలు వెలుతురున నొక పటము తీసి తెమ్మంటిని. గ్రామపెద్దలకు వాడే నచ్చజెప్పెను. ఉతుకువారికి వేఱొక బండ వేయించి, దానిని గట్టుపైకి జరుపక ఉన్నచోటనే వదలిరి. పురావస్తుశాఖవారికి ఉత్తరము వ్రాసితిమి. వారు వచ్చి చదువువఱకు అందు ఏమి యున్నదో మాకు తెలియదు. ఒక దానమో, ఒక చెఱువు త్రవ్వకమో, ఒక యోధుని మరణమో కావచ్చును.

హంపిలో వాని వ్రేలిని అడ్డము నిలిచి ఆపవలసివచ్చెను. చెఱువుగట్టున వాడే అడ్డము నిలిచెను. విహారయాత్రవలన కలుగదగిన ఫలము ఇంతకన్న వేఱే లేదు.